ఒక్క ఎపిసోడ్‌లో పాటలు పెడితే అంత పిచ్చి ఎందుకు? (ఒక హార్మోనియం మనిషి జవాబు)

తమ్ముడూ, నువ్వు అడిగింది ఒకటి కాదు, రెండు ప్రశ్నలు. ఒకటి: "మన సినిమా ఏది చూసినా ఐదారు పాటలుంటాయి. అమెరికాలో ఎప్పుడో 2001లో 'బఫీ' అనే సీరియల్ ఒక్క ఎపిసోడ్‌లో పాటలు పెట్టిందని, ఆ పాటల ఆల్బమ్‌ను ఇప్పటికీ జనం నెత్తిన పెట్టుకుంటున్నారు. అందులో అంత గొప్పేముంది?" రెండోది: "హన్మకొండలో కిరాయి గదిలో ఉండి కాంపిటీటివ్ పరీక్షలకు చదివే నలుగురు పోరగాళ్ల మీద యూట్యూబ్ సిరీస్ చేస్తున్నాం. ఇరవై ఎపిసోడ్లు అయినయి. ఒకటి మొత్తం పాటలతో చేద్దామనుకుంటున్నాం. ఎట్లా చేయాలి?"

నేను ముప్పై ఏళ్లుగా నాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. పదిహేనేళ్లుగా ఇంటి వెనక గదిలో చిన్న రికార్డింగ్ పెట్టుకున్నాను. ఆ ఆల్బమ్ నా దగ్గరికి చిత్రంగా వచ్చింది. మా అక్క కొడుకు ఇక్కడ ఆర్‌ఈసీలో (ఇప్పటి ఎన్‌ఐటీ) చదివి అమెరికా పోయాడు. 2004 సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి సూట్‌కేసులో చాక్లెట్ల కింద ఆ సీడీ ఉంది. కాజీపేట నుంచి ఐనవోలు జాతరకు కారులో పోతుంటే దారిపొడుగునా అదే. "మామా, ఒక్కసారి విను" అంటాడు. విన్నాను. నిజం చెప్పాలంటే మొదట నాకేమీ ఎక్కలేదు. ఆ హీరోయిన్ పిల్ల గొంతు సన్నగా, అక్కడక్కడ ఊపిరి అందనట్టు ఉంది. "ఈమెకంటే మా వీధి భజన మండలి నయం కదరా" అన్నాను. వాడు అలిగాడు.

తర్వాత ఇంట్లో ఎపిసోడ్ చూపించాడు. కథ ముందు వెనక చెప్పి మరీ చూపించాడు. అప్పుడు అర్థమైంది నేను తప్పు తూకం రాళ్లతో తూచానని.

నీకూ కథ తెలియాలి కాబట్టి చెప్తున్నా. సీరియల్ పూర్తి పేరు 'బఫీ ది వాంపైర్ స్లేయర్'. రక్తపిశాచాలను వేటాడే అమ్మాయి బఫీ. ఐదో సీజన్ చివర, సరిగ్గా 100వ ఎపిసోడ్‌లో ఆమె చనిపోతుంది. ఆరో సీజన్ మొదట్లో స్నేహితులు మంత్రం వేసి బతికిస్తారు. పాపం ఏ నరకంలో మగ్గుతున్నదో, మనం కాపాడుకున్నాం అని వాళ్ల సంబరం. కానీ ఆమె ఉన్నది స్వర్గం లాంటి చోట. ఆ శాంతిలో నుంచి తనను గుంజుకొచ్చారు. ఈ మాట ప్రాణం పెట్టి బతికించిన వాళ్లకు ఏ నోటితో చెప్తుంది? చెప్పదు. నవ్వుతూ తిరుగుతుంది, లోపల మాత్రం ఏ పనిలోనూ మనసు ఉండదు.

ఇక 107వ ఎపిసోడ్. 2001 నవంబర్ 6న వచ్చింది. పేరు 'వన్స్ మోర్, విత్ ఫీలింగ్'. ఊళ్లోకి ఒక దయ్యం దిగుతుంది. దాని మహిమ వల్ల జనానికి మాటలు పాటలై వస్తాయి. గుండెలో దాచుకున్నదే పాటై బయటికి వస్తుంది, అదీ తిరకాసు. పెళ్లి కుదిరిన జంట ఒకరి మీద ఒకరికున్న అనుమానాలు పాడేసుకుంటారు. గురువులాంటి జైల్స్, తాను పక్కన ఉన్నంతకాలం ఈ పిల్ల సొంత కాళ్ల మీద నిలబడదని పాడుకుంటాడు. చివరికి బఫీ ఆ దయ్యం ముందు, స్నేహితులంతా చూస్తుండగా, స్వర్గం సంగతి పాడేస్తుంది. అప్పుడు కెమెరా ఆ మంత్రం వేసిన స్నేహితురాలి ముఖం మీదికి పోతుంది. ఆ ముఖం చూశాక ఆ పాట మళ్లీ విను. అప్పటిదాకా బలహీనంగా అనిపించిన గొంతే కావాలనిపిస్తుంది. అక్కడ మంచి గాయని వచ్చి గమకాలతో పాడితే ఆ నిజం నిజంలా ఉండదు.

నీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. మన సినిమా పాటను కథలో నుంచి తీసి పక్కన పెట్టినా చాలాసార్లు కథ ఆగదు. ఈ ఎపిసోడ్‌లో ముఖ్యమైన పాట ఒక్కటి తీసేసినా తర్వాతి ఎపిసోడ్ అర్థం కాదు. ఆ జంట అనుమానాలు ఊరికే పోలేదు, తర్వాత పెళ్లి చెడింది. గురువు నిజంగానే వెళ్లిపోయాడు. పాట అయిపోయాక కూడా దాని దెబ్బ మిగిలింది. అభిమానులు ఆల్బమ్ వింటే సంగీతం ఒక్కటే వినరు. ఎవరు ఏం దాచారో, ఎప్పుడు బయటపడిందో, ఆ క్షణాన్నే మళ్లీ అనుభవిస్తారు.

రెండో కారణం గొంతులు. మనకు ప్లేబ్యాక్ ఎంత అలవాటైపోయిందంటే, తెర మీద నోరు ఒకరిది, గొంతు ఇంకొకరిది అన్న సంగతే మరిచిపోయాం. అక్కడ నటులే పాడారు. జైల్స్ వేషం వేసిన ఆంథనీ హెడ్‌కు లండన్ రంగస్థలం మీద పాడిన అనుభవముంది. టారా వేషం వేసిన ఆంబర్ బెన్సన్ బాగా పాడుతుంది. దయ్యం వేషానికి హింటన్ బాటిల్‌ను తెచ్చారు, న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో మూడు టోనీ అవార్డులు గెలిచిన మనిషి. కానీ హీరోయిన్ సారా మిషెల్ గెల్లర్‌కు పాట రాదు. మొదట వెనకాడింది, తర్వాత నేర్చుకొని తానే పాడింది. ఆ మంత్రం వేసిన స్నేహితురాలి వేషం వేసిన అలిసన్ హానిగన్ నాకు పాట తగ్గించండి మహాప్రభో అంది, తగ్గించారు. తగ్గించి ఊరుకోలేదు, 'ఈ ముక్క ఊరికే ఖాళీ నింపడానికి' అన్న అర్థం వచ్చే లైను ఆమె చేతే పాడించారు! ఏళ్ల తరబడి ప్రతి వారం ఇంట్లోకి వచ్చిన మనుషులు వీళ్లు. మన ఇంటి పిల్ల స్కూల్ వార్షికోత్సవంలో పాడితే మనం శృతి చూస్తామా?

రాసిన జాస్ వీడన్ కూడా సంగీతం చదువుకున్న మనిషి కాదు. సీరియల్ సృష్టికర్త, రచయిత. పియానో, గిటార్ మీద తడుముకుంటూ ఆరు నెలలు కూర్చొని పాటలు కట్టాడు. వాటికి వాద్యాలు కూర్చి నిలబెట్టింది క్రిస్టోఫ్ బెక్, జెస్సీ టోబియాస్. ఆల్బమ్ 2002 సెప్టెంబర్‌లో వచ్చింది. దాని చివర్లో ఒక ముద్దొచ్చే సంగతి ఉంది. ఇందాక చెప్పిన స్వర్గం పాటకు వీడన్, ఆయన భార్య ఇంట్లో పాడుకున్న డెమోను కూడా పెట్టారు. ఆర్కెస్ట్రా లేదు, హంగు లేదు. నాలాంటి వాడికి ఆ సీడీలో అన్నింటికంటే విలువైనది అదే. గోడ కట్టకముందు ముగ్గు పోసిన పునాది చూసినట్టు ఉంటుంది.

ఇంకో పనితనం చెప్తాను, ఇది నీకు పనికొస్తుంది. టారా అనే అమ్మాయి మొదట్లో ప్రేమ పాట పాడుతుంది. నేను నీ మంత్రంలో ఉన్నాను అని దాని సారాంశం. వినడానికి తేనె. కొద్దిసేపటికి ఆమెకు తెలుస్తుంది, తమ ఇద్దరి మధ్య జరిగిన గొడవను తన ప్రియురాలు నిజంగానే మంత్రం వేసి తన జ్ఞాపకంలో నుంచి చెరిపేసిందని. అప్పుడు అదే పల్లవి మళ్లీ వస్తుంది. మంత్రం అన్న మాట మారలేదు, మనిషి మాత్రం మారిపోయింది. అంతటితో వదల్లేదు, ఆ పాట మీదికి గురువు పాటను కూడా తెచ్చి రెండింటినీ కలిపేశారు. ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి, వెళ్లిపోవాలనే ఒకే నిర్ణయాన్ని పాడుతుంటారు. కొత్త ట్యూన్ కట్టడం సులభం. పాత ట్యూన్‌ను తిరిగి తెచ్చి గుండె కోయడమే కష్టం.

ఇదంతా అమెరికా వాళ్లు కనిపెట్టింది అనుకోకు. ఆ సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గర మా మేనల్లుడే నాకు చూపించాడు. గుడి దగ్గర ఒగ్గు కథ నడుస్తున్నది. డోలు, తాళాలు, వెనక వంత పాడేవాళ్లు. కథకుడు ఒక్కడే మల్లన్న అవుతాడు, మేడలమ్మ అవుతాడు, గొల్ల కేతమ్మ అవుతాడు. మామూలు సంగతులన్నీ వచనంలో గబగబా చెప్పుకుపోయాడు. సవతి పోరు ఘట్టం వచ్చేసరికి మాట ఆపేశాడు. భుజం మీది కండువా తీసి కొంగులా తల మీదికి లాక్కున్నాడు. డోలు దెబ్బ సగానికి తగ్గింది. మేడలమ్మ ఏడుపు పాటగా లేచింది. నా పక్కన గొంగడి కప్పుకున్న ఒక పెద్దామె కళ్లు తుడుచుకుంటున్నది. ఆమెకు ఆ కథ చిన్నప్పటి నుంచి తెలుసు, కొత్త సంగతి ఒక్కటీ లేదు. "మామా, ఇది బఫీయే కదా" అన్నాడు వాడు. మల్లన్న ముందు నిలబడి అనే మాటేనా అని కసిరాను కానీ వాడన్నది సరైన మాటే. మాట చాలని చోట పాట రావాలి. ఒగ్గు కథకుడికి ఆ చోటు తెలుసు. చిందు భాగవతం వీధి నాటకంలో దరువు పాట పడే చోటూ అదే.

ఆ ఎపిసోడ్ పేరులోని వన్స్ మోర్ వాళ్లకు రిహార్సల్‌లో డైరెక్టర్ అనే మాట. మనకు అది ప్రేక్షకుడి హక్కు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు పరకాల దగ్గర ఒక ఊళ్లో సత్య హరిశ్చంద్ర నాటకానికి వాయించాను. కాటి సీనులో ఒక పద్యానికి నాలుగు వన్స్ మోర్లు పడ్డాయి. నాలుగోసారికి బెల్లోస్ (గాలితిత్తి) కొట్టే నా చెయ్యి పడిపోయింది, హరిశ్చంద్రుడి గొంతు పోయింది. అయినా జనం వదల్లేదు. మా బృందంలో ఒక పాత జోకు ఉండేది, చచ్చిన పాత్ర కూడా వన్స్ మోర్ పడితే లేచి పాడి మళ్లీ చావాలని. బఫీ అభిమానులు చేసిందీ అదే. అమెరికాలో సినిమా హాళ్లలో ఆ ఎపిసోడ్ వేసి, తెర మీద పాటలతో పాటు అందరూ గొంతు కలిపి పాడే ఆటలు నడిచాయి. 2007లో హక్కుల, చెల్లింపుల చిక్కు వచ్చి వాటిని ఆపించారు. ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ చూసినవాళ్లకు ఆ ఊపు ఏమిటో చెప్పనక్కర్లేదు. అక్కడ చూసేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు కాదు. ఒకామె అందుకుంటే పక్కనున్న వందమంది ఉయ్యాలో అంటారు. పాట ఎవరి నోటికైనా అందేలా ఉండాలి, అదొక్కటే షరతు.

సరే, నీ సిరీస్ సంగతి.

ముందు ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు. మీ నలుగురిలో ఎవరు ఏం దాస్తున్నారు? నువ్వు పంపిన కథలో నాకు ఒకటే కనిపించింది. ప్రిలిమ్స్ పోయినా పాసయ్యానని ఇంట్లో చెప్పి, నెలనెలా నాన్న పంపే డబ్బు తీసుకుంటున్న అబ్బాయి. అదే నీ స్వర్గం పాట. మిగిలిన ముగ్గురికీ ఒక్కో రహస్యం లేకపోతే ఇంకో నాలుగైదు ఎపిసోడ్లు ఆగు. ఆ సీరియల్ వాళ్లు 106 ఎపిసోడ్లు మాటల్లో నడిపాక పాటకు వచ్చారు. నువ్వు అన్ని ఆగనక్కర్లేదు గానీ, రహస్యం లేకుండా పాట పెడితే అది మధ్యలో వచ్చే ఐటమ్ పాటే అవుతుంది.

వాళ్లెందుకు పాడుతున్నారన్నదానికి ఒక కారణం పెట్టు. బఫీలో దయ్యం. 2007లో 'స్క్రబ్స్' అనే ఆసుపత్రి సీరియల్‌లో ఒక పేషెంట్ మెదడులో రక్తనాళం ఉబ్బి, ఆమెకు అందరూ పాడుతున్నట్టు వినిపిస్తుంది. 2023లో 'స్టార్ ట్రెక్: స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' వాళ్లు అంతరిక్షంలో ఏదో వింత క్షేత్రం తగిలిందన్నారు. కారణం నమ్మేలా ఉండాలని లేదు, ఆ కథ లోకంలో ఇమిడితే చాలు. కల అని మాత్రం పెట్టకు. కలలో చెప్పిన నిజానికి పొద్దున లేచాక విలువ ఉండదు. నాకు తోచింది చెప్తా: నలుగురూ ఐనవోలు జాతరకు పోతారు. ఒకడు సెల్ఫీ కోసం, ఒగ్గు పూజారులు రంగులతో వేస్తున్న పట్నం అనే పూజ ముగ్గు మీద కాలు పెడతాడు. అప్పటి నుంచి నలుగురికీ మాట రాదు, పాటే వస్తుంది. వెక్కిరింపుగా కాకుండా తీస్తే బాగుంటుంది. పెద్దవాళ్లకు చూపించి, ఆ పూజారులను అడిగి తీయి.

నీ ప్లాన్‌లో తొమ్మిది పాటలున్నాయి. ఎక్కువ. ఇరవై ఐదు నిమిషాలకు నాలుగు చాలు, అందులో ఒకటి అర నిమిషం తమాషా పాట ఉండనీ. బఫీలో పార్కింగ్ చలానా రాయొద్దని పోలీసును బతిమాలే ముక్క, చొక్కా మీది ఆవాల మరక పోయిందని జనం చిందులేసే ముక్క ఉన్నాయి. పాడినవాళ్లు ఆ సీరియల్ నిర్మాతల్లోని వాళ్లే. అవే జనం నోళ్లలో నానాయి. మీ ఓనర్ ఆంటీ నీళ్ల మోటర్ గురించి పాడితే ఎట్లుంటుందో ఆలోచించు.

గొంతుల దగ్గర నేను చేసిన తప్పు నువ్వు చేయకు. రెండేళ్ల కింద ఒక షార్ట్ ఫిల్మ్ వచ్చింది నా దగ్గరికి. అందులో తల్లి వేషం వేసింది నిజంగానే మెస్ నడిపే ఆవిడ. కొడుకు ఊరు వదిలి పోయే చోట రెండు చరణాలు పాడాలి. 'కొడకా' అన్న దగ్గర ఆమె గొంతు జీరపోయి శృతి కిందికి జారింది. నేను పెద్ద ఇంజనీర్‌లా పిచ్ కరెక్షన్ పెట్టి సరిచేశాను. అది బయటికి వచ్చాక కింద కామెంట్ల నిండా ఒకటే ప్రశ్న: "తల్లికి డబ్బింగ్ ఎవరు చెప్పిండ్రు?" ఆమె గొంతే అది! నేను దిద్ది దిద్ది ఆమెది కాకుండా చేశాను. డైరెక్టర్ అది తీసేసి మొదటి టేక్ పెట్టి మళ్లీ ఎక్కించాడు. ఆ జీరే ఇప్పుడు జనం చెప్పుకునేది.

కాబట్టి ట్యూన్ ముందు కట్టి మనిషిని అందులో ఇరికించకు. ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, పాట కాదు, మాటే కాస్త రాగం తీసి అనమను. గొంతు ఎక్కడ సుఖంగా ఉందో అక్కడ శృతి పట్టు. హార్మోనియం శృతి లెక్కలో (ఒకటంటే పాశ్చాత్య స్వరం సి, ఐదంటే జి) మగపిల్లలు చాలావరకు ఒకటికీ రెండుకూ మధ్య కుదురుతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర. సినిమా పాటల మోజులో మూడు, నాలుగు శృతులకు ఎక్కించి పిల్లల గొంతులు పిండకు. పాట రాని వాడికి ఐదు స్వరాలు దాటని ట్యూన్ ఇవ్వు. మన జానపదాల్లో సగం ఆ ఐదింటి మధ్యే తిరుగుతాయి, ఎవరికీ తక్కువగా అనిపించవు.

రికార్డింగ్ షూటింగ్ కంటే ముందు అయిపోవాలి. గదిలో ఫ్యాన్ బంద్, గోడలకు బొంతలు, తాళం తప్పకుండా క్లిక్ శబ్దం చెవిలో. తర్వాత షూటింగ్‌లో ఆ పాటను స్పీకర్‌లో పెట్టి, నటుడిని పెదవులు కదపమనకు, నిజంగా గట్టిగా పాడమను. ఉత్తగా పెదవులు కదిపితే మెడ నరాలు కదలవు, చూసేవాడికి ఎక్కడో అబద్ధం తెలిసిపోతుంది. ఫోన్ కెమెరాతో తీస్తున్నావు కదా, ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్నది) లాక్ చేసే యాప్ వాడు. ఫోన్లు మామూలుగా ఫ్రేమ్ రేట్‌ను వాటంతట అవే మార్చుకుంటాయి, మూడు నిమిషాల పాట చివరికొచ్చేసరికి పెదవి ఒకచోట, మాట ఒకచోట అవుతుంది. ఎడిటింగ్‌లో దీనికోసం నేను రాత్రుళ్లు కూర్చున్నాను, ఆ టెన్షన్ నీకొద్దు.

సినిమా ట్యూన్ల జోలికి పోకు. జానపదాలు కదా, ఎవరివీ కావు అని కూడా అనుకోకు. పాట పాతదే అయినా, ఎవరో దానికి కట్టిన సంగీతం, పాడిన రికార్డింగ్ వాళ్లవి. యూట్యూబ్‌లో క్లెయిమ్ పడిందంటే నెల రోజుల కష్టం వాళ్ల ఖాతాలోకి పోతుంది. సొంతంగా కట్టు, రాకపోతే నేనున్నాను.

డబ్బు మిగిలితే వాద్యాల మీద పెట్టకు. నాలుగు పాటలూ విడిగా వినేలా ఎపిసోడ్ వచ్చిన రోజే పెట్టేయి. బఫీ అభిమానులు ఆల్బమ్ కోసం పది నెలలు ఆగారు, నీ వాళ్లు పది నిమిషాలు ఆగరు. వాటి వెనక మీ గదిలో ఫోన్‌లో పాడుకున్న మొదటి డెమో ఒకటి పెట్టు, వెనక కుక్కర్ విజిల్ వినపడినా సరే.

ప్రస్తుతానికి ఒక పని చెయ్యి. ఆ అబ్బాయి నాన్నకు ఫోన్ చేసే పాట రాసి నాకు పంపు. ట్యూన్ వద్దు, మాటలే. నాన్న అవతలి నుంచి ఏమంటాడో కూడా రాయి. ఆ తర్వాత వచ్చే ఆదివారం నలుగురినీ తీసుకొని రా, శృతులు చూద్దాం. పాట రాదని మొత్తుకుంటున్నాడన్నావే, వాడిని మాత్రం తప్పకుండా తీసుకురా.